తూర్పు హద్దు

ప్లవ నామ సంవత్సరం వైశాఖ మాసంలో, బుట్టలల్లుకు బతికే నూకాలమ్మ మీద దివాన్ జగ్గరాజు కన్ను పడింది. ఆయన గుమ్మలపేటలో రెండంతస్తుల మేడ, పదెకరాల మామిడితోట కొన్నాడు. దాంతో కళ్ళు కూడా రెండో అంతస్తుకెక్కాయి. అక్కణ్ణుంచి చూస్తే తోట అంచున నూకాలమ్మ తాటాకు పాక కనిపించింది.

“మేడకి దిష్టిలా ఉంది. రేపటికల్లా పీకెయ్!” అన్నాడు.

“అలాగే బాబయ్యా. ముందు తమ క్రయపత్రం చదివించండి,” అంది నూకాలమ్మ, బుట్ట అల్లడం ఆపకుండానే.

ఊరి కరణాన్ని పిలిపిస్తే, అతను పత్రం తీసి చదివాడు: “తూర్పున, నూకాలమ్మ పాక వరకు.”

“విన్నారా? పాక పీకేశాక, తోట అమ్మిన ఆసామి వచ్చి ‘నే సగమే అమ్మాను, పాక ఆ నడిమి మామిడిచెట్టు కిందే ఉండేది’ అంటే తమకి సాక్ష్యమేది?”

దివాన్ కరణం వైపు చూశాడు. కరణం నిజమేనన్నట్టు తలూపి పత్రం మడిచాడు.

“మరి... గాలివానకి ఎగిరిపోతేనో?” దివాన్ గొంతు తగ్గింది.

“నా దిగులూ అదే బాబయ్యా! కప్పు చూడండి, ఎలా చివికిపోయిందో. తమ హద్దు, తమ ఇష్టం.”

నూకాలమ్మ పాకకి దివాన్ గారు దగ్గరుండి కొత్త తాటాకు కప్పించింది జ్యేష్ఠ శుద్ధ పంచమి, గురువారం.