దువ్వెన గీతలు

జోగారావుగారు గోడల మీద ఉబ్బెత్తు బొమ్మలు చేస్తారు. విశాఖ చుట్టుపక్కల ఆయనంతటి పనివాడు లేడు. అయినా ఇరవై ఏళ్లుగా ఏ గోడ మీదా పేరు వేసుకోలేదు. ఈ సంగతి నాతోపాటు పని నేర్చుకుంటున్న వామనమూర్తికి తెలుసు. తెలిసీ అడిగాడు, మహానుభావుడు.

"గురువుగారూ, చివరి సిమెంటు పూత పొద్దున్నే వేశాం. ఆరిపోయేలోగా నా పేరు చెక్కెయ్యాలి. కుడివైపు బాగుంటుందా, ఎడమవైపా?"

అది వాడి మొదటి గోడ, నిండా షట్కోణాలు. తడి పూత మీద గోనెగుడ్డ అద్ది వాటికి ఆ గరుకుదనం తెచ్చింది మా దగ్గర పనిచేసే అసిరితల్లి. ఆలోచన కూడా ఆవిడదే. ఆవిడ పేరు మాత్రం వాడి నోట రాలేదు. నాకు ఒళ్లు మండింది.

గురువుగారు మమ్మల్నిద్దర్నీ పాత సభాభవనానికి తీసుకెళ్లారు. ఇరవై ఏళ్ల కిందట ఆయనకి పేరు తెచ్చిన గోడ అక్కడుంది. నాలుగువందల త్రికోణాలు, కొన్ని పైకి, కొన్ని లోపలికి, ప్రతిదాంట్లో సన్నటి గీతలు. పక్క కిటికీలోంచి ఎండ పడుతుంటే ఏ గీతకా గీత లేచి కనిపిస్తోంది. కింద మూలన ఇత్తడి ఫలకం మీద ఆయన పేరు.

"ఈ గీతలు నూకాలమ్మవి" అన్నారు. "మాకు సిమెంటు మోసేది. ఓ మధ్యాహ్నం కొప్పులోంచి విరిగిన దువ్వెన తీసి తడి పూత మీద గీసి, 'ఇలాగుంటే బాగోదేటి బాబూ?' అంది. నాలుగువందలూ తనే గీసింది. ప్రారంభం రోజున కొత్త చీర కట్టుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పెద్దలు 'ఈ గీతలు మీకెలా తట్టాయండీ?' అనడిగారు. ఏడాదిపాటు ఆలోచించానని చెప్పాను. ఆవిడ వింది. అందరూ వెళ్లాక నా దగ్గరకొచ్చి, 'నా దువ్వెన నాకిచ్చీండి బాబూ' అంది. పట్టుకెళ్లిపోయింది. మళ్లీ పనికి రాలేదు. సిగ్గొచ్చి నేను వెతుక్కుంటూ వెళ్లేసరికి మనిషే లేదు."

సంచిలోంచి ఉలి తీసి వామనమూర్తి చేతికిచ్చారు. "ఆ ఫలకం పీకెయ్."

వాడు ఉలి దూర్చి నొక్కాడు. ఫలకం కదల్లేదు. ఇంకాస్త బలంగా నొక్కేసరికి పక్క త్రికోణం పెచ్చు లేచి, గీతలతో సహా ఊడి కిందపడింది.

"ఆపరా!" అని అరిచారు గురువుగారు. ఆయన అరవగా నేనెప్పుడూ వినలేదు. వంగి ఆ ముక్కలు ఏరి జేబురుమాలులో మూటకట్టుకున్నారు.

"ఊడదు. గట్టిగా బిగించమన్నది నేనే."

వామనమూర్తి ఉలి కింద పెట్టి, తలెత్తకుండా నిలబడ్డాడు.

గురువుగారే అన్నారు. "నీ గోడ ఇంకా తడిగానే ఉంది కదా?"