పేరుకి నాలుగు చుట్లు

సువార్తకి గొంతులో వెలక్కాయ పడింది ఎనిమిదో పాట దగ్గర. అంతకుముందు ఏడు పాటలూ మంచినీళ్ళు తాగినట్టు పాడేసింది. జాజ్, సోల్ అనే అమెరికా నల్లవాళ్ళ సంగీతాలు రెండూ కలిపి కట్టిన తెలుగు ఆల్బం అది, మనిషి మర్యాద గురించి. కట్టింది జెకర్యా మాస్టారు. ఇరవై ఏళ్ళు ఓడల్లో సాక్సఫోను వాయించి, ఈ రేవు పట్నానికే తిరిగొచ్చి పిల్లలకి సంగీతం నేర్పుకుంటున్నాయన. సువార్త ఆయన దగ్గర తొమ్మిదేళ్ళుగా నేర్చుకుంటోంది.

ఎనిమిదోది వాళ్ళ నాన్న పాట. బొంతా యాకోబు రెండేళ్ళ కిందట మురుగు తీయడానికి మ్యాన్‌హోల్లోకి దిగి మళ్ళీ పైకి రాలేదు. మర్నాడు పేపర్లో రెండు వాక్యాలు వేశారు. గుర్తు తెలియని వ్యక్తి అట, తాగి పడి ఉండవచ్చునట. యాకోబు జన్మలో తాగి ఎరగడు. అందుకే సువార్త చివరి చరణంలో నాన్న పేరు ఇంటిపేరుతో సహా పెట్టుకుంది.

ఆ సంగతి ఎలా తెలిసిందో, నిన్న పొద్దున, నాన్నని ఆ గుంటలోకి దింపిన కాంట్రాక్టరు మనిషి ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పలేదు. గొంతు పెంచనూ లేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల, అమ్మాయ్? పాటలు పాడుకో, ఎవరొద్దన్నారు? పేర్లెందుకు? మీ అమ్మ ఊడ్చే వీధి కూడా మా కిందదే కదా."

సువార్త తల్లి కరుణమ్మ ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

అప్పట్నించీ వీధిలో బండి చప్పుడు ఆగితే చాలు, సువార్తకి ప్రాణం పోయినంత పనవుతోంది. తల్లిని ఒంటరిగా ఇంట్లో వదలడానికి ధైర్యం చాలక స్టూడియోకి వెంట తెచ్చుకుంది. స్టూడియో అంటే ఏముంది, గోడలకి దుప్పట్లు కట్టిన గది. కరుణమ్మ తలుపు పక్కన స్టూలు మీద, ఊడ్చేటప్పుడు తొడుక్కునే కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నాలుగుసార్లు పేరు దగ్గరే ఆగిపోయింది. ఐదోసారి సువార్త పేరు బదులు "ఒక మనిషి" అని పాడేసింది.

"ఇది బాగా వచ్చింది!" అన్నాడు అద్దం వెనకనించి రికార్డింగు చేసే రాఘవ.

మాస్టారు సాక్సఫోను నోట్లోంచి తీశారు. ఆయన ఏమీ అనకముందే సువార్త గబగబా అందుకుంది.

"మాస్టారూ, ఒక మనిషి అంటే అందరికీ సరిపోతుంది కదండీ. ఎవరి నాన్నైనా అవ్వొచ్చు. మనం పాడేదే మనిషి గురించి. పేరు లేకపోతే ఏం తక్కువండీ?"

ఆ మాటలన్నీ తన భయం మాట్లాడిస్తున్నవేనని తనకి తెలుసు. మాస్టారికీ తెలుసని కూడా తెలుసు.

"సరే," అన్నారాయన. "ఈ పాటలోనే పరిచయాలు పెట్టేద్దాం."

జాజ్‌లో అదొక ఆచారం. పాట మధ్యలో పెద్దాయన వాయించేవాళ్ళని ఒక్కొక్కరినే పేరుతో పిలుస్తాడు. పేరు పిలిచాక తాళం నాలుగు చుట్లు తిరిగేదాకా పాట ఆ మనిషిదే. మిగతావాళ్ళు తాళం మాత్రం నిలబెట్టి పక్కకి తప్పుకుంటారు.

డ్రమ్స్ వాయించే మరియదాసు ఈ ఘడియ కోసమే వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు పెళ్ళి ఊరేగింపుల్లో వాయించినవాడు. "ఏయ్ డ్రమ్మూ, గట్టిగా కొట్టు!" అన్నవాళ్ళే గానీ పేరడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. రికార్డులో మొహం కనబడదని తెలిసీ ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు, పిచ్చి మారాజు.

పాట మొదలైంది. మాస్టారు మైకు దగ్గరికి వంగారు.

"డ్రమ్స్ మీద, ఒక మనిషి."

మరియదాసు పుల్లలు గాల్లోనే ఆగిపోయాయి. పాట కూలబడింది.

"అదేంటి మాస్టారూ, నా పేరు మర్చిపోయారా?"

"లేదు."

"మరి?"

"ఒక మనిషి అంటే సరిపోదా? ఎవరైనా అవ్వొచ్చు."

"నేను ఎవరైనా కాదండీ," అన్నాడు మరియదాసు. "పసల మరియదాసుని."

మాస్టారు సువార్త వైపు చూడలేదు. జేబురుమాలు తీసి సాక్సఫోను నోరు తుడుచుకుంటూ ఉండిపోయారు.

సువార్త సిగ్గుతో చచ్చిపోయింది. భయం మాత్రం వీసమెత్తు తగ్గలేదు. తల్లి దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, పేరు పెడితే నీ పని పోద్ది. ఇంకా ఏం చేస్తారో కూడా తెలీదు."

కరుణమ్మ కోటు గుండీలు తడుముకుంది.

"ఆ రోజు గుంట కాడ, పేపరుకి రాసుకునే ఆయన పేరడిగాడే," అంది. "నువ్వు ఊళ్ళో లేవు. మొగుడి పేరు నోటితో చెప్పకూడదని పెరిగినదాన్ని. మా సువార్త వాళ్ళ నాన్నండీ, మా సువార్త వాళ్ళ నాన్నండీ అంటా కూర్చున్నా. రెండుసార్లడిగి కాగితం మడిచేశాడు."

కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యీ ఈ చెయ్యీ చల్లగానే ఉన్నాయి.

"నాకూ భయంగానే ఉందే. అయినా చెప్పు."

రికార్డింగు ఎర్రదీపం వెలిగింది. ఈసారి పేర్లు పిలవమని మాస్టారు మైకు సువార్త వైపు జరిపారు.

"డ్రమ్స్ మీద, పసల మరియదాసు!"

ముప్ఫై ఏళ్ళదీ కలిపి వాయించాడు మరియదాసు.

"సాక్సఫోను, మా గురువుగారు, జెకర్యా మాస్టారు!"

ఆయన వాయిస్తుండగా బయట బండి ఒకటి వచ్చి ఆగింది. ఎవరిదో తెలీదు. సువార్త మైకు కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. నాలుగు చుట్లూ అయిపోయాయి.

"బొంతా యాకోబు."

మరియదాసు కాలితో తాళం మాత్రం నిలబెట్టాడు. మాస్టారు సాక్సఫోను దించి తల వంచుకున్నారు. ఎవరూ వాయించలేదు. ఒక చుట్టు, రెండు, మూడు, నాలుగు. ఎవరూ తొందరపడలేదు. ఆ తర్వాతే సువార్త చివరి చరణం ఎత్తుకుంది.

పాట అయ్యాక రాఘవ తలుపు తీసుకుని వచ్చాడు.

"సార్, ఆఖరి పేరు దగ్గర నాలుగు చుట్లు ఖాళీగా పోయాయి. అమ్మాయి గొంతు కూడా బాగా వణికింది. ఇంకోసారి తీద్దామా?"

"గొంతు వణికింది," అన్నారు మాస్టారు. "పేరు వణకలేదు. ఉండనీ."