భుజం మీది చెయ్యి

ఎవరైనా సందేహం అడిగితే రోశమ్మగారు వెంటనే జవాబు చెప్పరు. ముందు వాళ్ళ ఎదుట చింతపండు చేట పెట్టి గింజలు తియ్యమంటారు. చేతులకి పని దొరికితే చెవులు కుదురుగా ఉంటాయని ఆమె నమ్మకం. చీరాల అవతల నేతగాళ్ళ పేటలో ఆమె ఇల్లు. మఠమూ కాదు, పీఠమూ కాదు, పంచలో పరిచిన రెండు చాపలు. సోమవారం సాయంత్రాలు ఇరుగుపొరుగు చేరి తత్వాలు పాడుకుంటారు, ఆ తర్వాత ఎవరి మనసులో ఉన్నది వాళ్ళు అడుగుతారు.

ఆ సోమవారం అడిగింది సీతారావమ్మ. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎన్నాళ్ళుగానో వస్తూ వెనక చాప మీద కూర్చుని పోతోందే గాని నోరు విప్పింది లేదు.

"అమ్మా, ఒక మనిషిని మనసులోంచి పూర్తిగా తీసెయ్యాలంటే ఏం చెయ్యాలి? కోపం కూడా మిగలకూడదు. ఆ మనిషి అసలు ఉన్నట్టే ఉండకూడదు."

ఎవరా మనిషి అని రోశమ్మగారు అడగలేదు. చేట ముందుకి జరిపారు. సీతారావమ్మ గింజలు తియ్యడం మొదలుపెట్టాక, ఆ పేటలోనే ఉండే భద్రమ్మ ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

భద్రమ్మ భర్త మార్కండేయులు మగ్గం మీద నుంచి లేచి మంచినీళ్ళడిగి, నీళ్ళొచ్చేలోపల పోయాడు. అంత తేలిగ్గా పోయిన మనిషిని చూసి పేటంతా పుణ్యాత్ముడంది. భద్రమ్మ మాత్రం చేతిలో నీళ్ళ గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచక చాలాసేపు దాన్ని పట్టుకునే నిలబడింది.

ఆయన తమ్ముడు భావనారాయణ రెండు సందుల అవతలే ఉంటాడు. శవం లేచేవేళకి వచ్చాడు గాని సందు మలుపు దాటి రాలేదు. రానివ్వద్దని భద్రమ్మ మాట. భద్రమ్మ కూతురు హైమావతికి మొదటిసారి సంబంధం చూసినప్పుడు, తాంబూలాలకి ముందు మగపెళ్ళివారు భావనారాయణ ఇంటికి వెళ్ళి, పిల్లకి ఒంట్లో ఏమన్నా లోపముందా అని అడిగారు. చిన్నప్పుడు మూర్ఛ వచ్చేది, మందులు వాడాక మళ్ళీ రాలేదు అన్నాడాయన. అబద్ధమేం కాదు. సంబంధం మాత్రం తప్పిపోయింది.

"అడిగారు వదినా, చెప్పాను" అన్నాడు తర్వాత.

"మా అన్ననే అడగండి అనడానికి నోరు రాలేదా నీకు" అంది భద్రమ్మ. వాళ్ళిద్దరి మధ్యా అదే ఆఖరు మాట. హైమకి తర్వాత మంచి ఇల్లే దొరికింది, అదే పేటలో కాపురం, పిల్లలు. అయినా భద్రమ్మ మనసు ఆ రోజు దగ్గరే నిలిచిపోయింది. ఆ గడప తొక్కొద్దని ఆమె అంటే మార్కండేయులు సరే అన్నాడు. ఆ తర్వాత ఆయన నోట తమ్ముడి పేరు రాలేదు. మరిచిపోయాడనుకుంది.

ఇప్పుడు పెద్దకర్మకి పటం కావాల్సొచ్చింది. చూస్తే ఇంట్లో ఆ మనిషి ఫోటో సరైనదొకటి లేదు. పెళ్ళి ఫోటోలో మీసం సరిగ్గా రాని కుర్రవాడు, ఆధార్ కార్డులో దొంగతనం అంటగట్టినవాడిలా బెదురు చూపు. హైమ చుట్టాలందరికీ ఫోన్లు చేస్తే, పొన్నూరు నుంచి భద్రమ్మ అక్క కొడుకు ఒక ఫోటో పంపించాడు. వాళ్ళ గృహప్రవేశంలో తీసింది. అందులో మార్కండేయులు పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతున్నాడు.

పక్కన భావనారాయణ. అన్న భుజం చుట్టూ చెయ్యి వేసుకుని ఉన్నాడు.

భద్రమ్మ ఫోను దగ్గరికి తీసుకుని చూసింది. "ఈ చొక్కా ఎప్పటిది?"

"మొన్న ఉగాదికి నేను కొన్నదేగా అమ్మా" అంది హైమ.

ఆ గృహప్రవేశానికి భద్రమ్మ మోకాళ్ళ నొప్పులని వెళ్ళలేదు. ఆయన ఒక్కడే వెళ్ళొచ్చాడు. పూర్ణాలు బాగున్నాయన్నాడు, కొత్తింటికి గాలి బాగా వస్తుందన్నాడు, పంతులుగారి గొంతు పోయిందన్నాడు. ఇది చెప్పలేదు. పోయిన మనిషి మీద కోపమొస్తే దాన్ని ఎవరి మీద చూపించాలో ఆమెకి తెలియలేదు.

"మనకి మీ నాన్న చాలు. ఆ పక్క మనిషిని తీసెయ్" అంది.

హైమ ఇంట్లో చిన్న రంగుల ప్రింటరు ఉంది. బడిపిల్లల ప్రాజెక్టులకి బొమ్మలు వేసిస్తూ ఉంటుంది. సినిమా పోస్టరులా మెరిసే మందపాటి కాగితం అందులో పెట్టి మీట నొక్కింది. మొదటిసారి మొహం మీద తెల్లగీతలు పడ్డాయి. ఇంకు దారులు శుభ్రం చేసి మళ్ళీ పెట్టింది. యంత్రం కిర్రుకిర్రుమంటూ కాగితాన్ని వేలెడు వేలెడుగా బయటికి తోసింది. ముందు మామిడాకులు, తర్వాత జుట్టు, తర్వాత నుదురు. కాన్పు గది బయట కూర్చున్న మనిషిలా భద్రమ్మ దాని పక్కనే కూర్చుని చూసింది. కళ్ళు వచ్చేసరికి చెయ్యి చాచబోతే, "తడిగా ఉందమ్మా, ముట్టుకోకు" అంది హైమ.

ఆరాక కత్తెర పెట్టి భావనారాయణని కత్తిరించింది. మనిషి పోయాడు గాని చెయ్యి పోలేదు. అన్న భుజం మీద నాలుగు వేళ్ళు, ఒక వేలికి పగడపుటుంగరం.

"ఆ చెయ్యేంది ఇంకా?"

"అది నాన్న భుజం మీదుందమ్మా. కత్తిరిస్తే నాన్న భుజం కూడా పోద్ది."

"పోతే పోనీ."

"అమ్మా" అంది హైమ. కత్తెర పక్కన పెట్టేసింది.

పక్కింటి సామ్రాజ్యం వచ్చి చూసి పెదవి విరిచింది. "ఇంటో వేసుకునే బొమ్మలు పిల్లకాయల పుస్తకాలకి సరే. గోడకి పెడితే ఏడాదికే వెలిసిపోద్ది, దండ తడి తగిలితే మొహం కారిపోద్ది. ల్యాబ్‌కి తీసుకెళ్ళండి. వాళ్ళు ఏది కావాలంటే అది చేస్తారు. మా మావగారికి కోటు తొడిగారు. బతికున్నన్నాళ్ళూ బనీను కూడా ఎరగని మనిషి."

చీరాల ల్యాబ్‌లో బీరువా అంత యంత్రం ఉంది. దాన్ని చూసుకునే మస్తాన్ మర్యాదస్తుడు. భద్రమ్మకి కుర్చీ వేసి, ఫోటోని పెద్ద తెర మీదికి తెచ్చాడు. "ఈ పక్కాయనెవరు పిన్నిగారూ?"

"ఎవరూ కాదు. ఆ చెయ్యి కూడా తీసెయ్యాలి."

"దాందేముంది" అన్నాడు మస్తాన్. అవతలి భుజం మీది చొక్కా నీలం గళ్ళు తెచ్చి ఇవతల అతికాడు. ఒక్కొక్క వేలే మాయమైంది, చివరికి ఉంగరం. అక్కడ ఎప్పుడూ ఏ చెయ్యీ లేనట్టే ఉంది. మామిడాకులు చెరిపి వెనకాల ఆకాశం రంగు నింపాడు. అడక్కుండానే మనిషిని ఒక చాయ తెల్లగా చేశాడు. యంత్రంలోంచి వచ్చిన కాగితం వెచ్చగా, పొడిగా ఉంది. చేత్తో రుద్దినా రంగు అంటలేదు. మీ మనవల మనవలు చూసుకుంటారని చెప్పి, అద్దం బిగించి ఇచ్చాడు.

పటం ఇంటికి తెచ్చి గోడకి పెట్టారు. సామ్రాజ్యం గుమ్మంలోంచే, "మేకు వంకరగా కొట్టారేందే" అంది. హైమ పటం సర్దింది. పటం తిన్నగానే ఉంది, లోపలి మనిషి ఒరిగి ఉన్నాడు. మనిషి తిన్నగా కనపడేట్టు పటాన్ని కాస్త తిప్పితే, ఈసారి పటం కింద పడబోతున్నట్టు కనపడింది. ముగ్గురూ అటూ ఇటూ జరిపి చూశారు. ఎట్లా పెట్టినా ఆయన ఎక్కడికో వాలిపోతూనే ఉన్నాడు.

"నాన్న బాబాయి మీదికి ఆనుకున్నాడమ్మా అప్పుడు" అంది హైమ మెల్లగా. "ఇప్పుడు అక్కడ బాబాయి లేడు."

మళ్ళీ ల్యాబ్‌కి తీసుకెళ్ళారు. మస్తాన్ తల గోక్కుని, మనిషిని మెడ దగ్గర్నుంచి నిలబెట్టాడు. నిలబడ్డాడు. కాని చూపు పక్కకే ఉంది, నవ్వూ పక్కకే ఉంది. పక్కన అంతా ఉత్త నీలం.

"ఎవర్ని చూసి నవ్వుతున్నాడో తెలియట్లేదు" అంది భద్రమ్మ.

"కళ్ళు కూడా ఇటు తిప్పుతాను పిన్నిగారూ. కాకపోతే తిప్పాక ఈయన ఇంకెవరిలాగో ఉంటాడు. మీరు సరేనంటే చేస్తాను."

భద్రమ్మ తెర మీది ఆ పక్కచూపునే చూసింది. మగ్గం దిగాక సాయంత్రాలు ఆయన అరుగు మీద ఒక చివరనే కూర్చునేవాడు. సందు మలుపు వైపు మొహం పెట్టి, స్తంభానికి భుజం ఆనించి. అటు నుంచి గాలి వస్తుంది గాబోలు అనుకుని ఇన్నేళ్ళూ ఆమె అక్కడే చెంబుతో నీళ్ళు పెట్టేది. ఆ వేసవిలోనే ఒకసారి తను కూడా పోయి అక్కడ కూర్చుంది. అటు నుంచి గాలేమీ రాలేదు. ఆ సంగతి ఆయన్ని అడగాలనుకుని వేరే పనిలో పడి మరిచిపోయింది.

"వద్దులే నాయనా. తిప్పొద్దు" అని లేచింది.

పెద్దకర్మ నాటి పొద్దున సందులో షామియానా వేశారు. భద్రమ్మ ఎవరితోనూ చెప్పకుండా గోడ మీది పటం దించి లోపల పెట్టేసి, హైమ ఇంట్లో వేసిన ఆ చిన్న బొమ్మనే అట్టకి అంటించి పీట మీద గోడకి చేరేసింది. సామ్రాజ్యం ముందు బొమ్మనీ, తర్వాత ఆమె మొహాన్నీ చూసింది. బంతిపూల దండ తెచ్చి తనే వేసి, "ఇట్టా వేస్తే ఆ చెయ్యి కనపడదులే" అంది సాయం చేసినట్టుగా. నిజంగానే కనపడలేదు. దండ సరిగ్గా ఆ భుజం మీద నుంచే దిగింది.

చుట్టాలు వచ్చి కూర్చుంటున్నారు. భావనారాయణ మలుపు దగ్గర, షామియానా ఆఖరి గుంజ పక్కన, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. రమ్మని అనేవాళ్ళు లేరు. పొమ్మనేవాళ్ళూ లేరు. అందరూ ఆయన్ని చూసి, తర్వాత భద్రమ్మని చూసి, తలలు దించుకుంటున్నారు.

భద్రమ్మ పీట దగ్గరికి వెళ్ళి వంగింది. దండని పక్కకి జరిపింది. పూల తడికి అప్పటికే చొక్కా అంచున నీలం కాస్త చెదిరింది. కొంగు చివరతో అద్దింది. నాలుగు వేళ్ళూ, ఉంగరమూ బయటపడ్డాయి. వాటిని చూస్తూనే, వెనక్కి తిరక్కుండా కూతురితో అంది:

"ఆ చెయ్యి ఎవరిదో ఆయన్ని వచ్చి కూర్చోమను."

హైమ వెళ్ళి చెప్పింది. భావనారాయణ చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని వచ్చాడు. బొమ్మ ముందు నిలబడి చూశాడు. తన చేతిని తనే గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని పీట పక్కన నేల మీద కూలబడ్డాడు. కావాలని కూర్చోలేదు గాని, కత్తెర ఆయన్ని ఏ పక్క కత్తిరించిందో ఆ పక్కనే కూర్చున్నాడు. అప్పుడిక బొమ్మలో మనిషి వాలిపోతున్నట్టు ఎవరికీ అనిపించలేదు.

ఇంతవరకూ చెప్పి రోశమ్మగారు ఆగారు.

"అయితే ఆమె క్షమించినట్టేనా అమ్మా?" అంది సీతారావమ్మ.

"ఆ మాట నేనడగలేదు. భోజనాల దగ్గర ఆయన విస్తట్లో పప్పు తనే వడ్డించింది. పలకరించలేదు. ఇప్పటికీ పెద్దగా పలకరింపులేమీ లేవు."

"మరి ఆ బొమ్మ?"

"ఇంట్లో వేసిన రంగు నిలవదు గదా, సామ్రాజ్యం చెప్పినట్టే వెలిసిపోవడం మొదలెట్టింది. ల్యాబ్‌లోనే మళ్ళీ పెద్దదిగా వేయించారు. మస్తాన్‌ని ఈసారి ఏదీ ముట్టుకోవద్దన్నారట. ఇద్దరూ ఉన్నారు అందులో, మామిడాకులతో సహా."

సీతారావమ్మ చేటలో మిగిలిన గింజలు కూడా తీసేసింది. ఆసుపత్రిలో ఎన్నో చావులు చూసిన మనిషి, కళ్ళు పొడిగానే ఉంచుకుంది. చివరికి అంది: "నేనడిగింది వేరమ్మా. వాళ్ళ కథ వేరు. నాకు తీసెయ్యడం ఎట్లాగో చెప్పండి చాలు."

"చెప్తాను" అన్నారు రోశమ్మగారు. "ముందు నువ్వొకటి చెప్పు. ఆ మనిషి నీకు ఏ పక్కన ఉండేది?"