చెవిలో చెప్పిన రేటు

ముళ్ళగుట్ట అడవిలో నాలుగు వడ్రంగి పిట్టలుండేవి. మీలో ఎవరైనా కంప్యూటరు ముందు కూర్చుని కాంట్రాక్టు పనులు చేసుకు బతికేవాళ్ళుంటే ముందే చెబుతున్నా, ఇది పిట్టల కథ. విని భుజాలు తడుముకుంటే నా పూచీ లేదు.

ఆ పిట్టల పని చెట్లకి తొర్రలు తొలచడం. తమకోసం కాదు, చిలకల కోసం. ఏటా మోదుగలు పూసే వేళకి చిలకలు కొండ దిగి వచ్చేవి. గుడ్లు పెట్టుకోడానికి వాటికి తొర్రలు కావాలి. మధ్యలో నక్క. చిలకల దగ్గర పళ్ళు పుచ్చుకుని పని ఒప్పుకునేవాడూ నక్కే, పుట్టలు తవ్వి చెదపురుగులు దొప్పల్లో పోసి పిట్టలకి కూలి ఇచ్చేవాడూ నక్కే. అందుకని అందరూ మేస్త్రీగారూ అనేవారు. తొర్రకి ఐదు దొప్పలు. పొద్దుగూకేదాకా పచ్చి మద్దిచెట్టు తొలిచేవాడికి వేరే పురుగులు ఏరుకునే తీరికెక్కడిది? ఆ దొప్పలే ఇంటిల్లిపాదికీ తిండి. జీతం లేదు, సెలవు లేదు. పనుంటే దొప్ప, లేకపోతే పస్తు.

నలుగురిలో కోటిలింగం పనిమంతుడు. అతను తొలిచిన తొర్ర గీసినట్టు గుండ్రంగా ఉండేది. ఆ ఏడు అతనికీ భార్య సూరమ్మకీ ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురికీ కళ్ళింకా సరిగ్గా తెరుచుకోలేదు గానీ నోళ్ళు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండేవి.

ఓ రోజు పొద్దున్నే నక్క నలుగురినీ మొండి మాను దగ్గరికి పిలిపించాడు.

"ఈసారి తొర్రకి రెండు దొప్పలే ఇవ్వగలను."

"అదేంటి మేస్త్రీగారూ! ఐదు నుంచి రెండుకా?" అన్నాడు కోటిలింగం.

"నా చేతుల్లో ఏముంది నాయనా? చిలకలు గీచి గీచి బేరమాడుతున్నాయి. కొండవతల పిట్టలు రెండుకే చేస్తున్నాయట. మీ మీద అభిమానం కొద్దీ ముందు మీకు చెబుతున్నా."

"అయితే ఆ కొండవతల పిట్టల్నే పిలిపించుకోండి" అంది పేరంటాలు. నలుగురిలోకీ పెద్దది ఆవిడే.

"నీ నోటికో దండం తల్లీ" అని నక్క నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అతను కనుమరుగయ్యాక పేరంటాలు అందరినీ దగ్గరికి రమ్మంది. "ఒరే అబ్బాయిలూ, కొండవతల పిట్టలూ లేవు, గిట్టలూ లేవు. మోదుగలు పూయడానికి నెల్రోజులుంది. ఒక్క తొర్రా లేకుండా చిలకలు దిగాయంటే మేస్త్రి పీక మీద కూర్చుంటాయి. ఈ నెలా ఎలాగో కడుపు మాడ్చుకుందాం. ఐదుకి తగ్గితే ఎవరూ చెట్టుకి ముక్కు ఆనించొద్దు."

"నేను సరే" అన్నాడు అంకాలు.

"మా చెల్లెలి పిల్లల మీద ఒట్టు, ఆనించను" అన్నాడు దాలయ్య. అతను సూరమ్మకి సొంత అన్న.

"నా పిల్లల మీద నీ ఒట్టేంటి బావా, నేనే వేస్తా" అని కోటిలింగం కూడా వేశాడు.

"ఇంకో మాట" అంది పేరంటాలు. "మేస్త్రి ఎవరికి ఎంతిస్తానన్నా సాయంత్రానికి ఇక్కడికొచ్చి నలుగురిలో చెప్పెయ్యాలి."

అక్కడ అందరూ నీళ్ళు నమిలారు. ఆ అడవిలో ఎవరి కూలి వాళ్ళది. ఎంతని అడిగితే అమర్యాద, ఎంతని చెబితే అంతకంటే అమర్యాద. పైగా కోటిలింగానికి నక్క అప్పుడప్పుడూ ఓ ఆరో దొప్ప చాటుగా ఇస్తుండేవాడు, "నీ పనితనానికి, నీకొక్కడికే" అని. అది బయటపడితే బాగుండదు కదా.

"అదెందుకత్తా? మనలో మనకి ఆ మాత్రం నమ్మకం లేదా?" అన్నాడు.

అబ్బ, ఎంత అందంగా చెప్పాడో! మిగతా ఇద్దరూ తెగ తలలూపారు. పేరంటాలు ఆ మాట అక్కడితో వదిలేసింది.

ఏడు రోజులు గడిచాయి. కోటిలింగం బెరడు సందుల్లో చీమలు ఏరి తెచ్చేవాడు. ఆ నాలుగు చీమలూ పెద్ద పిల్లలిద్దరి నోట్లోనే అయిపోయేవి. ఎనిమిదో రోజు పొద్దున సూరమ్మ, "ఏమండీ, చిన్నది నోరు తెరవడం లేదండీ" అంది. కోటిలింగం అటూ ఇటూ తిరిగి, ఏం చెయ్యాలో తోచక, వాగు దగ్గరికెళ్ళి కూర్చున్నాడు.

అక్కడికి నక్క రానే వచ్చాడు.

"ఏంటి కోటిలింగం, సగమైపోయావు?"

"ఐదంటే ఐదే మేస్త్రీగారూ. ఇంకేం చెప్పకండి."

"నేను కాదన్నానా? ఐదే ఇస్తా."

కోటిలింగం తల తిప్పి చూశాడు. "అందరికీనా?"

"అందరి పనీ నీ పనీ ఒకటేనా? మీ బావ తొలిచిన తొర్రలో పోయినేడు నీళ్ళు దిగి రెండు గుడ్లు మురిగిపోయాయి. అతనికీ నీకూ ఒకటే కూలంటే నా మనసొప్పదు. ఐదు నీకొక్కడికే."

"ఒట్టు పెట్టుకున్నామండీ."

"ఏమని?"

"ఐదుకి తగ్గితే చెయ్యమని."

"మరి ఐదుకి తగ్గడం లేదుగా!"

నిజమే, తగ్గడం లేదు. కోటిలింగం ఆ మాటని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. ఎక్కడా ఒట్టు తప్పినట్టు కనపడలేదు.

"ఒక్కటే చిక్కు" అన్నాడు నక్క గొంతు తగ్గించి. "నీకు ఐదిస్తున్నానని తెలిస్తే మిగతావాళ్ళు నన్ను పీక్కుతింటారు. అందుకని పైకి రెండే పంపిస్తా. తక్కిన మూడూ నా దగ్గర భద్రంగా ఉంటాయి, మోదుగలు పూశాక ఒక్కసారే తీసుకుందువుగాని. మన మాట మన మధ్యే ఉండాలి. సూరమ్మకి కూడా చెప్పకు, ఆడవాళ్ళకి పుట్టింటి మీద ప్రేమ."

ఆ పూటే కోటిలింగం మద్దిచెట్టెక్కాడు. సాయంత్రానికి గుమ్మంలో రెండు దొప్పలు దిగాయి. పిల్లలు తిన్నారు, చిన్నది కూడా రెండు పురుగులు మింగింది. ఇన్నాళ్ళ పనితనానికి ఇవాళ గుర్తింపొచ్చిందని అతనికి గర్వంగా కూడా అనిపించింది.

మూడో రోజున వాగవతల నుంచి టక్ టక్ టక్ మని వినిపించింది. అది దాలయ్య చెట్టు. మర్నాడు అంకాలు వైపు నుంచి. ఆ మర్నాడు పేరంటాలు వైపు నుంచి కూడా, ముసలి ముక్కు కదా, ఆగి ఆగి. కోటిలింగం ఎగిరి వెళ్ళి చాటుగా చూశాడు. దాలయ్య గుమ్మంలో రెండు దొప్పలు. అంకాలు గుమ్మంలో రెండు. పేరంటాలు గుమ్మంలోనూ రెండే.

"ఛీ, సిగ్గులేని జన్మలు! రెండుకి దిగజారిపోయారు!" అని ఇంటికొచ్చి ఒంటికాలి మీద లేచాడు. "నా పిల్లల మీద ఒట్టేశాడే మీ అన్న! వాళ్ళేమైపోతేనేం అనుకున్నాడన్నమాట!"

"మా అన్న అలాంటివాడు కాదండీ."

"నీ కళ్ళతో నువ్వే వెళ్ళి చూడు. రెండు దొప్పలు!"

"మన గుమ్మంలో ఉన్నవీ రెండేగా?" అంది సూరమ్మ.

"మన సంగతి వేరు" అని అటు తిరిగి పడుకున్నాడు.

తర్వాత ఓసారి వాగు దగ్గర బావ ఎదురుపడితే మొహం తిప్పుకున్నాడు. దాలయ్య కూడా కోటిలింగం వంక చూసి తుపుక్కున ఉమ్మేశాడు. తప్పుచేసినవాడికే అంత కోపమెందుకో కోటిలింగానికి అర్థం కాలేదు. ఇద్దరూ ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా చెరోవైపు పోయారు.

రెండు దొప్పలతో ఐదు కడుపులు నిండవు. తొర్రకి రావాల్సిన మూడేసి దొప్పల మీద ఆశతో కోటిలింగం రెట్టింపు తొలిచాడు. ముక్కు చివర పగులిచ్చింది, తల దిమ్మెక్కిపోయేది. తన వంతు పురుగులు కూడా పిల్లలకే పెట్టేవాడు. అయినా మోదుగ మొగ్గ తొడిగిన రోజున చిన్నది చచ్చిపోయింది. సూరమ్మ దాన్ని రెక్క కింద పెట్టుకుని సాయంత్రం దాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. "ఇంకో పదిరోజులు ఓపిక పట్టవే, అంతా సర్దుకుంటుంది" అన్నాడు కోటిలింగం. ఎలా సర్దుకుంటుందో మాత్రం చెప్పలేదు. మాటిచ్చాడు కదా మేస్త్రికి! ఆ మాట మీద ఎంత నిజాయితీగా నిలబడ్డాడో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మోదుగలు పూశాయి. చిలకలు గోలగోలగా దిగాయి. తొర్రలన్నీ నిండిపోయాయి.

మర్నాడు తెల్లవారగానే కోటిలింగం మొండి మాను దగ్గరికెళ్ళాడు. అప్పటికే అక్కడ దాలయ్య ఉన్నాడు. వీడు పోతే అడుగుదామని కోటిలింగం కాస్త ఎడంగా కూర్చున్నాడు. దాలయ్య పోలేదు. ఇంతలో అంకాలు వచ్చాడు, ఇద్దరినీ చూసి ఓ మూలకి జరిగాడు. కాసేపటికి పేరంటాలూ వచ్చింది. ఎవరూ ఎవరినీ పలకరించలేదు, ఎవరూ కదలలేదు. ఎండ నడినెత్తికొచ్చింది.

నక్క రేగుపళ్ళు నములుతూ వచ్చాడు. "ఏంటర్రా, అందరూ ఒక్కసారే వచ్చారు? అంకాలూ, ఏమైనా పనుందా?"

"లేదండీ. ఇటుగా పోతూ ఆగా."

"దాలయ్యా?"

"ఊరికే, ఎండ కాగుదామని."

"ఏం పేరంటాలూ?"

"నడుం పట్టేసింది బాబూ, కాసేపు కూర్చున్నా."

కోటిలింగం దాలయ్య ముక్కు వంక చూశాడు. దాని చివరా పగులు. అంకాలు ముక్కూ అంతే. రెండు దొప్పల కోసం ఎవడైనా ముక్కు పగిలేలా తొలుస్తాడా? అప్పుడు తెలిసింది అతనికి. నక్క అందరికీ ఐదన్నాడు. అందరికీ "నీకొక్కడికే" అన్నాడు. నలుగురూ రావాల్సిన మూడేసి దొప్పల కోసం వచ్చి, పక్కవాడెప్పుడు పోతాడా అని కూర్చున్నారు.

"మేస్త్రీగారూ, ఆ మూడు..." అన్నాడు కోటిలింగం.

"ఏ మూడు? కాస్త గట్టిగా చెప్పు, నలుగురూ వింటారు."

గట్టిగా చెప్పాలంటే, మీరంతా రెండుకి చేస్తున్నారనుకుని, నేను చాటుగా ఐదుకి ఒప్పుకుని, మిమ్మల్ని సిగ్గులేని జన్మలన్నానని చెప్పాలి. చచ్చిపోయిన పిల్ల తల్లికి కూడా చెప్పకుండా దాచానని చెప్పాలి. నలుగురూ నేలచూపులు చూశారు.

"ఏమీ లేదన్నమాట" అన్నాడు నక్క. "అందరి గుమ్మాల్లోనూ రెండేసి దొప్పలు అడవంతా చూసింది. మార్కెట్టు రేటు అదే. సరే, చిలకల పని అయిపోయింది. గోరువంకలకి మాత్రం ఓ పది తొర్రలు కావాలట. ఒక్కరికే పని, తొర్రకి ఒక్క దొప్ప. ఎవరు చేస్తారు?"

"ఎవరూ ఒప్పుకోవద్దర్రా" అంది పేరంటాలు.

నలుగురూ గట్టిగా ఓ పూట అలాగే కూర్చుంటే ఏమయ్యేదో! కానీ దాలయ్య రెక్క కదిలినట్టనిపించింది కోటిలింగానికి. నిజంగా కదిలిందో లేదో తెలీదు. ఇంటి దగ్గర ఇంకా ఇద్దరు పిల్లలున్నారు.

"నేను చేస్తా" అన్నాడు.

"నాకు అర దొప్ప చాలు" అన్నాడు వెంటనే దాలయ్య.

ఆ తర్వాత బేరం ఎంతోసేపు సాగలేదు. నక్క ఒక్క మాట కూడా అనాల్సిన పని లేకపోయింది, పళ్ళు తింటూ వింటూ కూర్చున్నాడు.

కోటిలింగం ఇంటికొచ్చేసరికి సూరమ్మ గుమ్మంలోనే ఉంది. "పని దొరికిందా?" అంది.

"దొరికింది."

"ఎంతకండీ?"

"పావు దొప్పకి. మీ అన్న అర అన్నాడు, నేను పావన్నాను" అని చెప్పి, కోటిలింగం ఏడ్చాడు. సూరమ్మ ఇద్దరు పిల్లల్నీ రెక్కల కిందికి లాక్కుని కూర్చుంది.

నీతి: నీకెంతిస్తున్నారో పక్కవాడికి చెప్పడానికి సిగ్గుపడితే, నీ విలువ ఎంతో నీకు చెప్పేది మేస్త్రే.