ఏడో సీసాలో వాటా

తవిటినాయుడికి ఏడో సీసా కొరుకుడు పడలేదు. మిగతా పన్నెండూ చెప్పిన మాట వింటున్నాయి. ఇదొక్కటే మొండికేసింది.

ఆ సీసాల సంగతి కాస్త చెప్పుకోవాలి. విశాఖలో సముద్రాన్ని చదివే సంస్థ ఒకటుంది. అక్కడివాళ్లు బంగాళాఖాతంలో రెండువేల మీటర్ల లోతున ఒక పెద్ద గరాటు వేలాడదీస్తారు. దాని కింద పదమూడు సీసాలు. పధ్నాలుగు రోజులకొకటి చొప్పున వాటంతటవే గరాటు కిందికి తిరుగుతాయి. పైన చచ్చిన నాచు, రొయ్యపిల్లల పెంట, నానా నలుసూ రాలి వాటిలో పడుతుంది. ఆ నాచు గాలిలోని బొగ్గుపులుసు వాయువు తాగి పెరిగింది. అది అడుగుకి పోతే దాంతోపాటు ఆ బొగ్గూ పోయినట్టే. మళ్లీ వందల ఏళ్లకి గానీ పైకి రాదు. అలా ఎంత పోతోందో తేల్చడమే నాయుడి పని.

"రొయ్యల పెంట లెక్కెట్టడానికి ఇంత సదువేటి బాబూ?" అని వాళ్లమ్మ ఫోన్లో నవ్వేది. మొదట్లో అతనూ నవ్వేవాడు. ఈమధ్య ఫోన్ చెయ్యడమే మానేశాడు.

అన్ని సీసాల్లోనూ వేలెడు మందాన పేరుకుంటే, ఏడోదాంట్లో పీకల దాకా ఉంది. ఆ పధ్నాలుగు రోజుల్లో సముద్రానికి ఏం పూనిందో తెలీదు. అతను తుపాన్లు చూశాడు, వరదలు చూశాడు, గాలి లెక్కలన్నీ తిరగేశాడు. కారణం దొరకలేదు. కారణం లేకపోతే థీసిస్ లేదు. మార్చి ఆఖరుకి స్కాలర్‌షిప్ అయిపోతుంది. ఇది ఫిబ్రవరి.

అసలు మాట ఒకటుంది. అది నాయుడికీ తెలుసు.

పక్క గదిలో జుబేదా అని ఇంకో పరిశోధకురాలు ఉంది. ఆవిడ పైనీళ్లలో బతికే నాచుని చూస్తుంది. రెండేళ్ల కిందట, సీసాలు ఒడ్డుకి చేరిన కొత్తలో, ఆవిడ వచ్చి అడిగింది. "ఏడో సీసా నిండిన రోజుల్లో నేను ఓడ మీద సరిగ్గా దానిపైనే ఉన్నానండీ. ఆ నీళ్లు నా దగ్గరున్నాయి. మీరొక వాటా ఇస్తే కలిపి చూద్దాం."

సీసాని పది సమానమైన వాటాలు చేసి, చిన్న సీసాల్లో పోసి నలుగురూ పంచుకోవడం ఆ సంస్థ ఆచారం. అందుకో యంత్రం కూడా ఉంది. నాయుడు వాటాలైతే చేశాడు గానీ, పదింటి మీదా తన పేరే రాసి తన ఫ్రిజ్‌లోనే పెట్టుకున్నాడు. "ముందు నా పని కానివ్వండి, తర్వాత చూద్దాం," అన్నాడు ఆమెతో. ఆ 'తర్వాత' అన్నది రానేలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

ఆ రెండేళ్లూ ఒంటికాయ సొంఠికొమ్ములా బతికాడు. క్యారేజీ ఒక్కడే విప్పుకుని తినేవాడు. పక్క గదిలో నవ్వులు వినిపిస్తే సూక్ష్మదర్శిని మీదికి ఇంకాస్త వంగేవాడు. కొన్నాళ్లకి అతన్ని పిలవడం వాళ్లూ మానేశారు. పిలవడం మానేశారని అతనికి ఏడుపొచ్చేది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చివరికి గురువు దగ్గరికే వెళ్లాడు. సలోమి మేడం భీమిలి మనిషి. అరవై దాటాయి. ముప్పై ఏళ్లు ఓడల మీద తిరిగి మోకాళ్లు అరగదీసుకుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"నావల్ల కాదు మేడం. అన్నీ చూసేశాను. ఇంక చూడ్డానికేం లేదు. ఊరెళ్లిపోతాను."

"అన్నీనా?" అందావిడ.

నాయుడు నేలచూపులు చూశాడు.

ఆవిడ లేచింది. మూరెడు పొడుగున్న గాజు గొట్టంలో సముద్రపు నీళ్లు నింపింది. తను పెంచే నాచులోంచి చుక్క తీసి పైన వదిలింది. నీళ్లలో సన్నటి నలుసులు పరుచుకున్నాయి, పొడిపొడిగా, దేనికదే.

"ఒక్కటి అడుగుకి చేరగానే నాకు చెప్పు," అని తన పనిలో పడింది.

నాయుడు కూచున్నాడు. ఒక నలుసుని పట్టుకుని చూడ్డం మొదలెట్టాడు. పదకొండయింది. భోజనాల వేళ దాటింది. పక్క గదిలో గిన్నెల చప్పుడయి ఆగింది. నలుసు బెత్తెడు కూడా దిగలేదు. ఓసారి కిందికి వచ్చినట్టే వచ్చి, నీళ్లు కదిలి మళ్లీ పైకి పోయింది. చుట్టూ అలాంటివే వేలకివేలు వేలాడుతున్నాయి. ఏదీ దేన్నీ తాకడం లేదు. సాయంత్రమైంది. పాపం, ఆ నలుసు మీద జాలేసిందో, తన మీద జాలేసిందో అతనికే తెలీలేదు.

"చేరిందా?"

"లేదు మేడం."

"సరే, రేపు రా."

మర్నాడు ఆవిడ అలాంటి నీళ్లే, అలాంటి నాచే ఇంకో గొట్టంలో పోసి, మూత బిగించి, రెండు రోలర్ల మీద అడ్డంగా పడుకోబెట్టింది. ఆ రోలర్లని తిప్పేది ఇడ్లీపిండి గ్రైండర్ మోటారు. ఆవిడే బిగించుకుంది. గొట్టం మెల్లగా దొర్లడం మొదలెట్టింది. రెండు రోజులు దొర్లుతూనే ఉంది. నాయుడు వచ్చి చూసి పోతూనే ఉన్నాడు. దొర్లుతూ దొర్లుతూ నలుసు నలుసుని గుద్దుకుంది. జిగట పుట్టింది. రెండు నాలుగయ్యాయి, నాలుగు నలభై అయ్యాయి. మూడోరోజుకి నీళ్లన్నీ తేటపడి, మధ్యలో దూదిపింజల్లాంటి ముద్దలు తేలాయి.

ఆవిడ గొట్టాన్ని నిలబెట్టింది. టీ కప్పు అతని చేతికిచ్చింది.

టీ సగం తాగేలోపు ముద్దలన్నీ అడుగున ఉన్నాయి.

"ఇది నాకు తెలుసు మేడం," అన్నాడు నాయుడు, కాస్త రోషంగానే. "నా థీసిస్ మొదటి అధ్యాయంలో నేనే రాశాను. విడి నలుసుకి రెండువేల మీటర్లు దిగడానికి ఏళ్లు పడతాయి. దారిలోనే ఎవరో తినేస్తారు. అడుగుకి చేరదు."

"రాశావు. నేనూ చదివాను. బాగా రాశావు."

తన టీ తను తాగేసి కప్పు బల్ల మీద పెట్టింది.

"నీ గరాటులోకి వచ్చినవాటిలో, దారిలో ఎవర్నీ తాక్కుండా వచ్చినది ఒక్కటైనా కనిపించిందా నాయుడూ?"

నాయుడి చేతిలో టీ చల్లారిపోయింది. లేచి తన గదిలోకి వెళ్లాడు. ఫ్రిజ్ తెరిచి, ఏడో సీసా వాటాల్లోంచి ఒకటి తీసి, దాని మీది తన పేరు గోటితో గీకేశాడు. అయినా పక్క గది గడప దగ్గర కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగాడు. మళ్లీ వచ్చాడు. అలా ఎన్నిసార్లు తిరిగాడో అతనికి గుర్తు లేదు.

"జుబేదా గారూ."

ఆమె తల తిప్పింది. రెండు చేతులకీ గ్లవ్స్, ఒక చేతిలో పట్టకారు.

"ఏడో సీసా వాటా. అప్పుడు మీరు అడిగారు. నేను..." సీసా ముందుకు చాపాడు. "అప్పుడే ఇవ్వాల్సింది. నాదే తప్పు."

ఆమె సీసా వైపు చూసింది. అతని మొహం వైపు చూసింది. దెప్పుతుందేమో, పొమ్మంటుందేమో అని నాయుడు బిగుసుకుని నిలబడ్డాడు.

"నా చేతులు ఖాళీ లేవండీ," అంది. "ఫ్రిజ్‌లో పెట్టేయండి. కింది అరలో, ఎడమవైపు."

అతను తలుపు తీసి వంగాడు. కింది అరంతా నిండుగా ఉంది. ఎడమవైపు మూలన మాత్రం ఒక్క సీసా, దాని పక్కన ఒక సీసా పట్టేంత ఖాళీ. ఆ సీసాలో, చెడకుండా అయొడిన్ కలిపిన టీ రంగు నీళ్లు. మీద కాగితం అతికించి ఉంది. అంచులు పచ్చబడ్డాయి, అక్షరాలు చెమ్మకి అలికినట్టయ్యాయి. తేదీ రెండేళ్ల కిందటిది, అతను కాదన్న మర్నాటిది.

"పైనీళ్లు. ఏడో సీసా రోజులవి. నాయుడు గారి వాటా."

"తలుపు వేసేయండి, చల్లదనం పోతుంది," అంది జుబేదా వెనకనుంచి.

నాయుడు తన సీసాని దాని పక్కన, రెండూ ఒకదాన్నొకటి తాకేలా పెట్టాడు. తలుపు వెయ్యడానికి అతనికి చాలాసేపు పట్టింది.