వేళ్ళు విడిపోయిన చోటు

శంకరలింగంగారిని ఏ సందేహం అడిగినా ముందు ఎవరిదో ఒకరి చిరునామా అడుగుతారని శిష్యులు చెప్పుకుని నవ్వుకునేవారు. భార్య మీద కోపాన్ని ఎలా జయించాలని అడిగినవాణ్ణి అత్తవారి ఊరికి పంపారు. చావంటే భయం పోవడానికి ఏం చదవాలని అడిగినాయన్ని పాడె కట్టే మనిషి ఇంటికి పంపారు. ఆయన నేతపని మానేసి పదేళ్ళయినా, మగ్గం ఉన్న గదిలోనే చాప పరుచుకుని ఆదివారాలు నలుగురితో మాట్లాడేవారు.

ఒక డిసెంబరు ఆదివారం అక్కడ సునామీ మాట వచ్చింది. మరో పదిహేను రోజుల్లో ఇరవై ఏళ్ళు నిండుతాయి. ఆ వార్త తెలిసినప్పుడు ఎవరెక్కడున్నారని ఒకరు అడిగేసరికి అందరికీ ఉత్సాహం వచ్చింది. మంగలి దుకాణంలో సగం గీసిన గడ్డంతో లేచి వెళ్ళి టీవీ చూశానన్నాడు ఒక గుమాస్తా. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేకపోయానంది ఒకావిడ. అంతటి దుఃఖంలో తమకూ కాస్త చోటుందని చూపించుకుంటున్నట్టు ఉంది వాళ్ళ ధోరణి. సాంబ్రాజ్యం ఒక్కతే మాట్లాడలేదు. ఆ పూట ఆమె నీళ్ళలో ఉంది.

అందరూ వెళ్ళిపోయాక ఆమె గురువుగారి ముందుకు జరిగి కూర్చుంది.

"అయ్యా, ఒక పూటని మనసులోంచి తీసేసే మంత్రం ఏదన్నా ఉంటే చెప్పండి."

"ఏ పూటమ్మా?" అన్నారాయన.

అప్పుడు చెప్పింది. సాంబ్రాజ్యానిది సముద్రం ఒడ్డున పల్లె. ఆ ఆదివారం పొద్దున పొరుగింటి మార్తమ్మ చేపల గంప ఎత్తుకుని సంతకు వెళ్తూ, ఆరేళ్ళ కూతురు ఝాన్సీని ఈమెకు అప్పగించింది. సాంబ్రాజ్యం ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. పిల్ల పక్కనే ఆడుకుంటోంది. తొమ్మిదిన్నర ప్రాంతంలో పడవల దగ్గర మగవాళ్ళు కేకలు పెట్టారు. తలెత్తి చూస్తే సముద్రం లేచి వస్తోంది. పిల్ల చెయ్యి పట్టుకుని సరుగుడు తోటవైపు పరిగెత్తింది. నీళ్ళు నడుముదాకా వచ్చాయి. చెట్టు అందింది గాని ఒక్క చేత్తో పట్టు నిలవడం లేదు.

"అప్పుడు పిల్ల చెయ్యి వదిలేశానయ్యా. నా వేళ్ళు నేనే తెరిచాను. అది జారిపోవడం నాకు తెలుసు."

ఆ చెట్టూ నిలవలేదు. నీళ్ళు ఆమెను అర మైలు ఈడ్చుకుపోయి తుమ్మకంపలో పడేశాయి. ఎడమకాలు విరిగింది. మధ్యాహ్నానికి ఝాన్సీ ఒక తెప్ప మీద, వలలో చిక్కుకుని ప్రాణాలతో దొరికింది. మార్తమ్మ ఆస్పత్రికి వచ్చి సాంబ్రాజ్యం పాదాలు పట్టుకుంది. తన బిడ్డను కాపాడబోయి కాలు విరగ్గొట్టుకుందని ఊరందరికీ చెప్పింది. అసలు సంగతి చెప్పడానికి సాంబ్రాజ్యానికి నోరు రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకే మార్తమ్మ కుటుంబం సముద్రం కనిపించని ఊరికి వెళ్ళిపోయింది.

"ఏటా ఆ రోజున ఊళ్ళో అందరూ చేరి ఎవరెక్కడున్నారో చెప్పుకుంటారు. నేను జ్వరమనో కాలునొప్పి అనో తప్పించుకుంటాను. ఈసారి ఇరవయ్యో ఏడు. నాకు శాలువా కప్పుతారంట. ఎట్లా కప్పించుకోనయ్యా?"

"ఆ పిల్ల ఎక్కడుంటోంది?" అని అడిగారు శంకరలింగంగారు.

"బాపట్లలో. జాకెట్లు కుట్టే షాపు పెట్టుకుందని విన్నాను. పెళ్ళయింది, ఒక కూతురు."

"ఆ పూట తనెక్కడుందో ఎప్పుడైనా అడిగావా?"

"అడిగేదేముందయ్యా? నా దగ్గరే ఉంది."

"అది నువ్వు చెప్పే మాట. వెళ్ళి ఆమె మాట విని రా."

సాంబ్రాజ్యం మూడు రోజులు వెనకాడింది. నాలుగో రోజు బస్సెక్కింది. ఇదంతా, ఇక ముందు జరిగింది కూడా, ఆ చాప మీద కూర్చునేవాళ్ళలో ఒకరైన నాకు తర్వాత ఆమే చెప్పింది.

షాపు గుమ్మం దగ్గర ఆమె నిలబడగానే లోపల మిషను ఆగిపోయింది. ఝాన్సీ ఆమె మొహంకేసి చూడలేదు. ఈడ్చి వేస్తున్న ఎడమకాలి వంకే చూసింది. మరుక్షణం లేచి వచ్చి సాంబ్రాజ్యాన్ని వాటేసుకుని ఏడవడం మొదలుపెట్టింది. బట్టల పేలికలతో ఆడుకుంటున్న మూడేళ్ళ పిల్ల బిత్తరపోయి చూసింది.

"ఎందుకే, ఊరుకో. ఏడవాల్సింది నేను. ఆ రోజు నీ చెయ్యి..."

"నా చెయ్యి కాదు పిన్నీ, నా చెప్పు!" అంది ఝాన్సీ వెక్కుతూ. "క్రిస్మసుకి నాన్న కొత్త చెప్పులు కొన్నాడు. ఒక రోజే తొడుక్కున్నాను. నీళ్ళల్లో ఒకటి ఊడిపోయింది. దాన్ని అందుకుందామని నీ చెయ్యి విదిలించుకున్నాను. నువ్వు గట్టిగా పట్టుకున్నావు. నేనే గుంజుకున్నాను. నువ్వు నాకోసం వెనక్కి తిరిగావు, అప్పుడే నీళ్ళు నిన్ను లాక్కుపోయాయి. ఒక చెప్పు కోసం నీ కాలు విరగ్గొట్టాను పిన్నీ. అమ్మకి కూడా చెప్పలేదు. ఏ మొహంతో ఊళ్ళోకి రాను?"

సాంబ్రాజ్యం స్టూలు లాక్కుని కూర్చుంది. "కాదే, నేనే వదిలాను. నాకు బాగా గుర్తు."

"నాకూ బాగానే గుర్తు. ఇదిగో, ఈ పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించేటప్పుడు ఇప్పటికీ మణికట్టే పట్టుకుంటాను. వేళ్ళు పట్టుకుంటే విడిపించుకుపోతారు. నాకు తెలుసుగా."

"ఆరేళ్ళ పిల్లవి, నీకేం తెలుస్తుంది?"

"ప్రాణభయంలో ఉన్నదానివి, నీకు మాత్రం ఏం తెలుస్తుంది?"

తప్పు నాదంటే నాదని వాళ్ళిద్దరూ గొంతులు పెంచి పోట్లాడుకున్నారు. కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ గుమ్మంలోనే ఆగి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిన తీరు చూసి ముందు ఝాన్సీకి నవ్వొచ్చింది. ఆపైన ఇద్దరూ కళ్ళ నీళ్ళతోనే చాలాసేపు నవ్వారు. షాపు మూసి, ఇంట్లో వేడన్నంలో గోంగూర పప్పు కలుపుకుని తిన్నారు. ఇరవై ఏళ్ళలో ఆకలి తెలిసి తిన్న అన్నం అదేనని సాంబ్రాజ్యం నాతో అంది.

ఇరవయ్యారో తేదీన ఇద్దరూ కలిసి పల్లెలో ఆ సభకు వెళ్ళారు. మైకు ఇస్తే సాంబ్రాజ్యం తన మాట చెప్పింది. తర్వాత ఝాన్సీ తన మాట చెప్పింది. "ఎవరు వదిలారో మాకు తెలియదు. కాపాడినదాన్నని మాత్రం అనుకోకండి," అని సాంబ్రాజ్యం కూర్చుంది.

అప్పుడు వెనక వరసలోంచి పడవల ఏడుకొండలు లేచాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. "ఆ రోజు మా తమ్ముడు కేకేస్తే నేను వెనక్కి తిరిగి చూడలేదు. వాడు ఎట్లాగో బతికి ఒడ్డున పడ్డాడు. ఇప్పటిదాకా వాడికి ఈ మాట చెప్పలేదు," అన్నాడు. పక్కనే కూర్చున్న తమ్ముడు అతని చొక్కా పట్టి లాగి, "కూచో అన్నా, నేను కేకేసింది నిన్ను పరిగెత్తమని," అన్నాడు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు లేచారు. ఏటా చెప్పుకునే మాటలు వేరు, ఆ రోజు చెప్పుకున్నవి వేరు. చివరికి శాలువా కప్పనే కప్పారు. సాంబ్రాజ్యం కాదనలేదు.

తర్వాతి ఆదివారం ఆమె గురువుగారికి జరిగిందంతా చెప్పింది. మొహం తేటగా ఉంది. అయినా ఒక సందేహం మిగిలింది.

"ఇంతకీ అయ్యా, ఇద్దరిలో ఎవరికి గుర్తున్నది నిజం? వదిలింది నేనా, అదా?"

శంకరలింగంగారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"ఇరవై ఏళ్ళుగా తప్పు నీదని నువ్వు అనుకున్నావు, తనదని ఆ పిల్ల అనుకుంది. మధ్యలో అంత సముద్రం లేచి వచ్చిందే, దాని మాట ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదేమమ్మా?" అన్నారు.