దస్తగిరెప్ప తెచ్చిన మూడు చీటీలు

ఆదోని దర్జీ దస్తగిరెప్పకు అరవై తొమ్మిదో ఏట ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరు బయటపడింది. బయటపడేసరికే వెన్నెముకలోకి, తుంటిలోకి పాకిపోయి ఉంది.

పూర్తిగా పోదు గానీ అణచి ఉంచొచ్చు అన్నాడు కర్నూలు డాక్టరు. మూడు నెలలకోసారి ఇంజెక్షను వేయించుకుంటూ పోవడం ఒక దారి. చిన్న ఆపరేషనుతో వృషణాలు తీసేయించుకోవడం ఇంకో దారి, అది ఒక్కసారితో అయిపోతుంది. రెండింటిలో ఏదైనా చేసే పని ఒకటేనట, రోగాన్ని పెంచే మగ హార్మోనును ఆపడం. ఇవి కాక, ఎముకల నొప్పి ఎక్కువుంటే ముందు వెన్నుకు రేడియేషను, అదే కరెంటు, పెట్టాలి, తక్కువుంటే అది తర్వాత చూసుకోవచ్చు. ఏది కావాలో ఆలోచించుకుని రమ్మన్నాడు.

ఆలోచన ఒకరిదైతే బాగుండును. గుండీల అంగడి ఆయన ఇంజెక్షనే మేలన్నాడు. బామ్మర్ది ఈ వయసులో వాటితో నీకేం పనప్పా, కోయించుకో అని నవ్వాడు. టీ కొట్టాయన కరెంటు పెడితే ఒళ్లు కాలిపోతుందని భయపెట్టాడు. ఇంటికెళ్లి అడుగుదామంటే పిల్లల్లేరు, భార్య హుసేన్‌బీ పోయి నాలుగేళ్లు. చొక్కాలకు కాజాలు ఆమే కుట్టేది. ఇప్పటికీ ఆయన చొక్కా పూర్తి కాగానే ఎడమచేతి పక్కకు అందిస్తాడు, అందుకునే చెయ్యి లేక అది నేల మీద పడుతుంది, మళ్లీ వంగి తీసుకుంటాడు. ఆ వంగడమే ఇప్పుడు కష్టంగా ఉంది.

కష్టమని ఎవరికీ చెప్పలేదు లెండి. మిషన్ తొక్కితే తుంటి కలుక్కుమంటుంది. గిరాకీ వస్తే మాత్రం నిటారుగా లేచి నవ్వుతూ టేపు తీస్తాడు. మనిషి అటు పోగానే గోడకు ఆనుకుంటాడు.

చివరికి మూడు దారులూ మూడు చీటీల మీద రాసి, మడిచి, కొండ కింది దర్గాకు బయలుదేరాడు. అక్కడ సత్తార్ షా అని ఎనభై ఏళ్ల ఫకీరు ఉంటాడు. ముప్పై ఏళ్లుగా దస్తగిరెప్పకు గురువు ఆయనే. దర్గాకు పద్నాలుగు మెట్లు. దస్తగిరెప్ప మూడుచోట్ల ఆగాడు. ఎవరైనా చూస్తే కొండ మీది మేకల్ని చూస్తున్నాడనుకోవాలని అటు తిరిగి నిలబడ్డాడు.

చీటీలు గురువు ముందు పెట్టి, సంగతంతా చెప్పాడు.

“మీరొకటి తీయండి హజ్రత్. ఏదొస్తే అది చేయించుకుంటా.”

సత్తార్ షా చీటీలు ముట్టలేదు. నొప్పి ఎట్లుందని అడిగాడు.

పదికి ఎంతని డాక్టరూ అడిగాడనీ, రెండని చెప్పాననీ దస్తగిరెప్ప కొంచెం గర్వంగానే చెప్పాడు. “మీరు నేర్పిన సబరే గదా హజ్రత్. ఓర్చుకోవడం నాకు వచ్చు.”

సత్తార్ షా తనకో జుబ్బా కుట్టిపెట్టమన్నాడు.

దస్తగిరెప్పకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లలో గురువు కొత్త గుడ్డ ఒప్పుకున్నది లేదు. అతుకుల జుబ్బాతోనే కాలం గడిపాడు. గోడ పట్టుకుని లేచి, మెడలోని టేపు తీశాడు.

ఛాతీకి టేపు చుట్టగానే సత్తార్ షా ఊపిరి బిగబట్టి ముడుచుకుపోయాడు. భుజాలు కొలవబోతే రెండూ దగ్గరికి లాక్కున్నాడు. చెయ్యి పొడవు చూద్దామంటే మోచెయ్యి మడిచాడు. నడుము దగ్గర టేపు తగలకముందే తనే ఒక అంకె చెప్పి, రాసుకోమన్నాడు.

దస్తగిరెప్ప మొదట నవ్వాడు. రెండోసారీ అంతే అయింది. మూడోసారికి ఎదురుగా ఉన్నది గురువన్న సంగతి మరిచిపోయాడు, నలభై ఐదేళ్లుగా కుడుతున్న దర్జీ అతనిలో లేచాడు.

“ఇట్ల దాచిపెట్టి ఇస్తే ఎట్ల కుట్టల్ల హజ్రత్? రేపు చంకల్లో పట్టేస్తే నన్నే అంటారు.”

“అననులే,” అన్నాడు సత్తార్ షా. “ఓర్చుకుంటా.”

“ఓర్చుకునేకి కాదు గదా నేను కుట్టేది…”

టేపు చేతిలో వేలాడుతూ ఉంది.

సత్తార్ షా అప్పుడు ఒళ్లు వదులు చేసి నిలబడ్డాడు. దస్తగిరెప్ప మళ్లీ టేపు చుట్టాడు. జుబ్బా కింద పక్కటెముకలు వేళ్లకు తగిలాయి. మనిషి ఇంత తగ్గిపోయాడని ఎవరూ గమనించలేదు. చెయ్యి ఎత్తమంటే కుడిచెయ్యి సగం దాకానే వచ్చింది.

“ఈ భుజం లేచేది లేదు. రెండేళ్లాయె,” అన్నాడు సత్తార్ షా, వాన రాలేదని చెప్పినంత మామూలుగా. “ఆ పక్క వదులుగా పెట్టు.”

దస్తగిరెప్ప రాసుకున్నాడు. చీటీలు విప్పకుండానే జేబులో వేసుకుని, మెట్లు దిగుతూ ఈసారి మేకల వైపు తిరగలేదు. నొప్పి వచ్చినచోట మెట్టు మీదే కూర్చున్నాడు.

గురువారం కర్నూలు బస్సు ఒక్కడే ఎక్కాడు. డాక్టరు పాత కాగితం తీసి, నొప్పి రెండే గదా, ఏం ఆలోచించుకున్నావని అడిగాడు.

దస్తగిరెప్ప చొక్కా గుండీలు విప్పి, వీపు డాక్టరు వైపు తిప్పాడు.

“మళ్లీ కొలత తీసుకోండి సార్,” అన్నాడు.